కుడతిని బూదిదిబ్బ: ఒక వాదన చరిత్ర

బళ్ళారి నుంచి తోరణగల్లు, హోస్పేట వైపు పోయే రోడ్డులో కుడతిని దగ్గర ఒక దిబ్బ ఉంది. ఆ దారిన రోజూ ఉక్కు ఫ్యాక్టరీకి డ్యూటీకి పోయేవాళ్ళలో చాలామంది దాన్ని మామూలు మట్టిగడ్డ అనుకుంటారు. కన్నడంలో దాన్ని బూదిదిబ్బ అంటారు. మన సీమ తెలుగులోనూ బూది బూదే, కోస్తా చుట్టాలే బూడిద అంటారు. దిబ్బ రెండు భాషల్లోనూ దిబ్బే. కాబట్టి పేరు విషయంలో మనకూ పక్కింటి కన్నడం వాళ్ళకూ పేచీ లేదు. పేచీ అంతా అది ఎట్లా పుట్టిందనే దాని మీద. ఆ పేచీ 1836లో అచ్చుకెక్కింది. ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

పిల్లల పుస్తకాల్లో అయితే ఒక్క ముక్కలో తేల్చేస్తారు: "దక్షిణాది కొత్తరాతియుగం వాళ్ళు పశువుల పేడ కాల్చగా మిగిలిన బూది." మాట నిజమే. కానీ ఆ ఒక్క ముక్క తేలడానికి నూట ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. సరైన జవాబు మధ్యలోనే ఒకాయన చెప్పేశాడు కూడా. ఆయన చెప్పిన మాట డెబ్బై ఏళ్ళు రుజువు లేకుండా ఎందుకు పడి ఉందో చూస్తే, ఒక శాస్త్రం ఎట్లా ముందుకు పోతుందో మన ఊరి దిబ్బ మీదనే అర్థమవుతుంది. అందుకే ఈసారి మన వంశవృక్షాన్ని పక్కన పెట్టి దీని గురించి రాస్తున్నాను.

ముందు ఆ దిబ్బ ఎట్లా ఉంటుందో చెప్పాలి. పక్కన కోసిన చోట చూస్తే మెత్తటి తెల్ల బూది ఒక పొర, దాని మీద కరిగి గడ్డకట్టిన చిట్టెం ఇంకో పొర కనబడతాయి. ఆ చిట్టెం గాజులా మెరుస్తూ, బుడగలు బుడగలుగా, కమ్మరి కొలిమి పక్కన పారేసిన దానిలా ఉంటుంది. దాని మీద మళ్ళీ బూది, మళ్ళీ చిట్టెం. మామూలు పొయ్యి మంటకు బూది కరగదు కదా, ఇంత వేడి ఎక్కడిది? చూసిన ప్రతివాడినీ పట్టుకున్న ప్రశ్న ఇదే. ఇట్లాంటి దిబ్బలు కుడతినిలోనే కాదు, కృష్ణా తుంగభద్రల నడుమా, వాటికి అటూ ఇటూ బళ్ళారి, రాయచూరు, యాదగిరి, అనంతపురం, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూరుకు పైగా ఉన్నాయి.

ఊరివాళ్ళ దగ్గర జవాబు ఎప్పటినుంచో ఉంది. కుడతిని దిబ్బ భీముడు చంపిన హిడింబాసురుణ్ణి కాల్చిన బూది. హంపి దగ్గర నింబాపురం దిబ్బ వాలిని దహనం చేసిన చోటు. కిష్కింధ పక్కనే ఉన్నప్పుడు వాలి కాక ఇంకెవరు? ఈ కథలు విని నవ్వేవాళ్ళున్నారు గానీ నాకు నవ్వు రాదు. ఇది సహజంగా పుట్టిన రాయి కాదు, ఏదో పెద్ద మంట మండింది, అది చాలా పాతకాలపు ముచ్చట అని మూడు సంగతులు ఆ కథల్లో ఉన్నాయి. మూడూ నిజమే. తరువాత వచ్చిన దొరలు ఈ మూడింటినీ ఒప్పుకోవడానికే కొన్నాళ్ళు తీసుకున్నారు.

మద్రాసు సైన్యంలో పనిచేసిన థామస్ న్యూబోల్డ్‌కు రాళ్ళంటే పిచ్చి. 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఈ చిట్టెం గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. దాని శీర్షికలోనే దీన్ని అగ్నిపర్వతపు చిట్టెం అన్నాడు. ఆ రోజుల్లో భూగర్భ శాస్త్రం నేర్చినవాడికి కరిగిన రాయి కనబడితే మొదట తట్టేది అగ్నిపర్వతమే. అయితే చుట్టుపక్కల ఎక్కడా లావా పారిన జాడ లేదు. 1843లో అదే న్యూబోల్డ్ లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో మళ్ళీ రాసినప్పుడు, శీర్షికలో అగ్నిపర్వతం పోయి "పురాతన దిబ్బలు" అనే మాట వచ్చింది. ఏడేళ్ళలో మనిషి తన మాట తానే మార్చుకున్నాడు. ఎవరో వచ్చి ఖండించినందుకు కాదు, తిరిగి తిరిగి చూసినందుకు. నాకు న్యూబోల్డ్ మీద గౌరవం అందుకే.

తరువాత వచ్చినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. భారత భూగర్భ సర్వే ఉద్యోగి. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో పాతరాతియుగం గొడ్డలిని గుర్తించి మన దేశపు ప్రాక్‌చరిత్ర పరిశోధనకు నాంది పలికింది ఈయనే. బళ్ళారి జిల్లా రాళ్ళన్నీ సర్వే చేసి 1895లో పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. ఆ తిరుగుళ్ళలో కుప్‌గల్లు కొండ మీద రాతిగొడ్డళ్ళు చేసిన జాగా చూశాడు. దిబ్బల దగ్గర అవే గొడ్డళ్ళు, పశువుల ఎముకలు చూశాడు. ఆఫ్రికాలో పశువుల మందను రాత్రిళ్ళు ముళ్ళకంప దడి లోపల కట్టేస్తారని చదివి ఉన్నాడు. ఇవన్నీ కలిపి, ఇవి కొత్తరాతియుగపు మనుషుల పశువుల దొడ్లు, ఏళ్ళ తరబడి పేరుకున్న పేడ కాలి ఇట్లా అయిందని చెప్పాడు.

చెప్పింది సరిగ్గానే ఉంది. కానీ రుజువు ఏది? గొడ్డలి దిబ్బ పైన దొరికినంత మాత్రాన గొడ్డలి వయసూ దిబ్బ వయసూ ఒకటే కానక్కరలేదు. పేడ కాలితే గాజవుతుందా అని అడిగితే చూపించడానికి ఆయన దగ్గర పోలిక ఉంది గానీ పరీక్ష లేదు. 1899లో రాబర్ట్ స్యూయెల్ ఈ దిబ్బల మీద రాశాడు. విజయనగరం గురించి "మరచిపోయిన సామ్రాజ్యం" అని మరుసటేడు పుస్తకం వేసింది ఆయనే. విజయనగరాన్ని తలలో పెట్టుకున్న ఆయన చూపు ఆ కాలపు చితుల వైపే పోయింది. 1930ల్లో హైదరాబాదు రాజ్యం వైపు ఇట్లాంటి దిబ్బలు చూసిన కొందరికి ఇది లోహం కరిగించిన చిట్టెంలా తోచింది. అక్కడ పాత గనుల జాడలు ఉన్నాయి మరి. ఎవరి కళ్ళద్దాలు వాళ్ళవి. ఇందులో తెలివితక్కువవాడు ఒక్కడూ లేడు. ఎవరి చదువు వాళ్ళకు ఏ ప్రశ్న నేర్పిందో దాన్నే దిబ్బను అడిగారు. ఫుట్ జవాబు వాటి మధ్య ఇంకొక అభిప్రాయంగా మిగిలింది, అంతే. వాదనలు పెరిగాయి గానీ వాటిలో ఏది తప్పో తేల్చే సాధనం ఒక్కటీ పెరగలేదు.

ఆ సాధనాలు ఒక్కొక్కటిగా వచ్చాయి.

మొదటిది పొరల లెక్క. 1944లో మార్టిమర్ వీలర్ పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్‌గా వచ్చి, తవ్వడమంటే వస్తువులు ఏరుకోవడం కాదు, పొర తర్వాత పొర చదవడం అని ఇక్కడి కుర్రవాళ్ళకు శిక్షణ ఇచ్చాడు. 1947లో రాయదుర్గానికి దగ్గరలోనే మొళకాల్మూరు తాలూకా బ్రహ్మగిరిలో తవ్వాడు. దానికి ఏడాది ముందే, 1946లో, బళ్ళారికి కూతవేటు దూరంలో ఉన్న సంగనకల్లు కొండ మీద ఒక తెలుగు కుర్రవాడు గుంటలు తీస్తున్నాడు. ఆయన బెండపూడి సుబ్బారావు. పూనా డెక్కన్ కాలేజీలో సంకాలియా గారి శిష్యుడు. 1948లో అచ్చయిన ఆయన గ్రంథం పేరే "బళ్ళారి రాతియుగ సంస్కృతులు". రాతిగొడ్డలి వాళ్ళ పొర ఎక్కడ మొదలవుతుంది, దాని కింద అంతకంటే పాత చిన్న రాతి పనిముట్ల వాళ్ళ పొర ఎక్కడ ఉంది అన్నది ఈ జిల్లాలో వరసగా చూపించినవాడు ఆయన. తరువాత బరోడా విశ్వవిద్యాలయానికి ప్రొఫెసరుగా పోయి "పర్సనాలిటీ ఆఫ్ ఇండియా" రాశాడు. 1962లో చిన్న వయసులోనే పోయాడు. బళ్ళారి తెలుగువాళ్ళం రాఘవ గారి పేరు చెప్పుకున్నంతగా ఈయన పేరు చెప్పుకోం. చెప్పుకోవాలి.

రెండోది ప్రయోగశాల. లండన్‌లో ఫ్రెడరిక్ జోయినర్ అనే శాస్త్రవేత్త కుడతిని దిబ్బ నమూనాలను సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. 1960 ప్రాంతంలో ఫలితం అచ్చయింది. సంగతి చాలా తేలిక. గడ్డి తన కణాల్లో ఇసుకలాంటి సిలికాను చిన్న చిన్న రేణువులుగా పేర్చుకుంటుంది. వరిగడ్డి అంచు చేతిని కోస్తుందే, అందుకే. ఆవు గడ్డి తింటుంది, సిలికా అరగక పేడలోకి వస్తుంది. పేడ బూదిలో పొటాష్ లాంటి క్షారాలు కూడా ఉంటాయి. సిలికాకు క్షారం కలిస్తే తక్కువ వేడికే కరుగుతుంది, గాజు చేసేవాళ్ళు చేసేదీ అదే. పిడక ఒక్కటి కాలిస్తే ఏమీ కాదు. కానీ వందల బండ్ల పేడ గుట్టగా పడి, గాలికి రోజుల తరబడి లోపల్లోపల కనకనలాడుతుంటే కరిగి చిట్టెమవుతుంది. అగ్నిపర్వతమూ అక్కరలేదు, ఇనుప కొలిమీ అక్కరలేదు. ఆ గడ్డి రేణువులు బూదిలో కనబడ్డాయి. దాంతో "ఏమిటిది?" అనే ప్రశ్న ముగిసింది.

మూడోది తవ్వకమూ, బొగ్గు లెక్కా కలిసిన పద్ధతి. రేమండ్ ఆల్చిన్ 1957లో మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు దిబ్బను నిలువునా కోశాడు. లోపల దడి కోసం పాతిన గుంజల గుంతలు వరసగా బయటపడ్డాయి. ఆవుల గిట్టల అచ్చులు కూడా దొరికాయి! ఫుట్ ఊహించిన దొడ్డి కళ్ళముందు నిలబడింది. పైగా అది ఒకసారి కాలింది కాదు. కట్టడం, పేరడం, కాలడం, మళ్ళీ కట్టడం, ఇట్లా పలుసార్లు. ఆ నివేదికను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1961లో వేసింది. 1963లో ఆల్చిన్ పెద్ద పుస్తకం కేంబ్రిడ్జి నుంచి వచ్చింది.

ఉట్నూరు బొగ్గుకు రేడియోకార్బన్ పరీక్ష చేస్తే నాలుగు వేల ఏళ్ళ వయసు వచ్చింది. చెట్టు చచ్చిన రోజు నుంచి దానిలోని ఒక రకం కార్బన్ నిర్ణీత వేగంతో తరిగిపోతుందనీ, మిగిలింది కొలిస్తే వయసు తెలుస్తుందనీ అమెరికాలో లిబ్బీ కనిపెట్టి అప్పటికి పట్టుమని పదిహేనేళ్ళు కాలేదు. వీలర్ బ్రహ్మగిరి పొరలను బట్టి దక్షిణాది రాతిగొడ్డలి కాలాన్ని క్రీస్తుకు ముందు మొదటి సహస్రాబ్ది దగ్గర పెట్టాడు. పొరలు చదవడం నేర్పిన ఆ పెద్దమనిషి లెక్క ఒక బొగ్గుముక్క దెబ్బకు వెయ్యేళ్ళకు పైగా వెనక్కి జరిగింది. ఆయన పొరలు తప్పు కాదు. పొరల వరస ఏది ముందో ఏది వెనకో చెబుతుంది గానీ ఎన్నేళ్ళో చెప్పదు. ఆ ఏళ్ళను ఆయన అంచనా వేశాడు, బొగ్గు కొలిచింది.

ఆల్చిన్ పుస్తకానికి ముందు ఏడాదే, 1962లో, అమెరికాలో థామస్ కూన్ శాస్త్ర విప్లవాల మీద తన ప్రసిద్ధ పుస్తకం వేశాడు. పాత సిద్ధాంతం నమ్మే సమూహం ఒక చూపుతో చూస్తుంది, అందులో ఇమడని సంగతులు పేరుకుంటాయి, ఒకరోజు సమూహం చూపే మారిపోతుంది అని ఆయన మాట. కోపర్నికస్‌కో ఐన్‌స్టైన్‌కో అది సరిపోతుందేమో గానీ మన బూదిదిబ్బకు అంత బాగా అతకదు. ఇక్కడ కూలిన కోట ఏదీ లేదు. అగ్నిపర్వతం, చితి, కొలిమి, దొడ్డి ఒకే పంచన ఏళ్ళ తరబడి కూర్చున్నాయి. గెలిచింది కొత్త సిద్ధాంతం కాదు, పాతదే. మారింది దాన్ని పరీక్షించే పద్ధతి.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. కానీ ఒక ప్రశ్న తీరగానే ఇంకొకటి లేచింది. పేడే, సరే. ఎందుకు కాల్చారు?

వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినవాళ్ళకు ఈ ప్రశ్న మరీ గుచ్చుకుంటుంది. దిబ్బలోని పెంటను బండ్లకెత్తి చేనికి తోలుతాం గానీ ఎవడైనా నిప్పు పెడతాడా? ఆల్చిన్ దీనికి పండగలతో జవాబు చెప్పాడు. మందలను మేతకు తోలుకుపోయే కాలానికో, తిరిగి వచ్చే కాలానికో, ఋతువు మారేటప్పుడు దొడ్డిని శుద్ధి చేసే కర్మగా తగలబెట్టి ఉంటారని. మన భోగిమంటలు, కనుమనాటి పశువుల పండగ, హోళీ మంట, మైసూరు వైపు సంక్రాంతికి పశువులను మంట మీదుగా దాటించే కిచ్చు, ఇవన్నీ ఆయనకు ఆ పాత అలవాటు మిగుళ్ళుగా కనబడ్డాయి. వినడానికి కమ్మగా ఉంటుంది. మన బ్లాగులాంటి చోట రాసుకోవడానికి ఇంకా కమ్మగా ఉంటుంది. కానీ నాలుగు వేల ఏళ్ళ కిందటి మంటకూ మన వీధి భోగిమంటకూ నడుమ తాడు ఎవరూ చూపలేదు. దాన్ని అందమైన ఊహ వరకే ఉంచుకోవడం మంచిది. డెక్కన్ కాలేజీ నుంచే మజుందార్, రాజగురు కుప్‌గల్లు దిబ్బ తవ్వి 1966లో ఇచ్చిన నివేదికలో కర్మకాండ కంటే బూది, మట్టి పరీక్షలే ముఖ్యం. కళ్యాణదుర్గం వైపు పాలవాయి దిబ్బల మీద తిరుపతి విశ్వవిద్యాలయం వి. రామిరెడ్డి గారు 1976లో పుస్తకం వేశారు. 1882 దాకా అదంతా బళ్ళారి జిల్లానే.

ప్రశ్ననే తిప్పి అడిగినవారు కట్రగడ్డ పద్దయ్య గారు. మనవారే, ఆయనదీ డెక్కన్ కాలేజీనే, తరువాత పద్మశ్రీ వచ్చింది. వస్తువుల జాబితా రాసి ఊరుకోకుండా మనుషులు ఎట్లా బ్రతికారో పరీక్షించదగిన ప్రశ్నలుగా అడగాలనే కొత్త ధోరణిని మన దేశంలో గట్టిగా వాదించినవాళ్ళలో ఆయన ముఖ్యులు. అంతవరకూ అందరూ దిబ్బను తవ్వారు. ఆయన 1989 నుంచి సురపురం వైపు బూదిహాళ్‌లో దిబ్బతో పాటు దిబ్బ పక్కన కూడా తవ్వారు. పక్కన ఇళ్ళున్నాయి. పిల్లలను పూడ్చిన జాగాలున్నాయి. చెకుముకి రాయి చెక్కిన చోటు ఉంది, పశువులను కోసి మాంసం పంచుకున్న నేల ఉంది. అంటే ఇది అడవిలో ఒంటరి దొడ్డి కాదు, ఊరు! కర్మ అయినా కాకపోయినా, పెంటదిబ్బ ఇంటి పక్కనే ఉంటుందన్న సంగతి మన పల్లెలో ఎవరినడిగినా చెప్పేవారు. కానీ పురావస్తు సమూహానికి అది తట్టాలంటే ఎక్కడ తవ్వాలనే అలవాటు మారవలసి వచ్చింది.

ఆ తరువాతి మార్పు ఇంకా చిన్న వస్తువుతో వచ్చింది. విత్తనం. 1990ల చివర నుంచి ధారవాడ రవి కోరిశెట్టర్, లండన్ డోరియన్ ఫుల్లర్, మన కడప వైపు తవ్వకాలు చేసిన పి. సి. వెంకటసుబ్బయ్య కలిసి తవ్విన మట్టిని పారబోయకుండా నీళ్ళలో వేయడం మొదలుపెట్టారు. బియ్యం గాలించినట్టే, కాకపోతే ఇక్కడ కావలసింది అడుగున ఉండదు, పైన తేలుతుంది. మాడిన గింజ తేలికగా తేలి గుడ్డలో పడుతుంది. ఏం దొరికాయో చూడండి: ఉలవలు, పెసలు, అండుకొర్రలు. కన్నడంలో కొరలె అంటారే, అవే. మన చిరుధాన్యాల షాపుల్లో ఇప్పుడు ప్యాకెట్లలో అమ్ముతున్నది సంగనకల్లు కొండవాళ్ళ రోజువారీ తిండి. పశువులు కాసేవాళ్ళే కాదు, వాళ్ళు ఉలవచేను వేసినవాళ్ళు కూడా. ఇదే వరసలో ఇంకో పాత నమ్మకమూ సడలింది. హళ్ళూరు తవ్వకంలో ఎప్పుడో రాగులు దొరికాయని పుస్తకాల్లో ఉండేది. మళ్ళీ గింజలు పోల్చి చూస్తే అట్లాంటి గుర్తింపులు చాలావరకు నిలబడవన్నాడు ఫుల్లర్. రాగిముద్ద పుట్టుక ఆఫ్రికాలో, ఇక్కడికి వచ్చింది తరువాత. సంగటి తినే సీమవాళ్ళకు మింగుడు పడని మాటే.

2007లో కోరిశెట్టర్, ఫుల్లర్, నికోల్ బోయివిన్ కొత్త రేడియోకార్బన్ లెక్కలు గుదిగుచ్చి, దిబ్బలు అన్నీ ఒకే కాలానివి కావనీ, కొన్ని చోట్ల కొద్ది తరాల్లోనే పేరి ఆగిపోయాయనీ, తరువాత ఆ ప్రాంతంలో స్థిరమైన ఊళ్ళు పెరిగాయనీ చూపారు. పీటర్ జొహాన్సెన్ 2004లో ఇంకో మాట అన్నాడు. కాల్చడం కంటే పేర్చడమే ముఖ్యమేమో, ఇవి దూరం నుంచి కనబడేట్టు కట్టుకున్న గుర్తులేమో అని. ఈ వాదన నడుస్తూనే ఉంది.

నాకు గుబులు పుట్టించేది వాదన కాదు. సుబ్బారావు గారు 1946లో తవ్వినప్పుడు విత్తనాలు తేల్చే పద్ధతి ఇక్కడ లేదు. లిబ్బీ పరీక్షా లేదు. అయినా తరువాతివాళ్ళు అదే కొండకు తిరిగి వచ్చి అడగగలిగారు, ఎందుకంటే తవ్వని మట్టి ఇంకా మిగిలి ఉంది. ఇప్పుడు అదే మిగలడం లేదు. బూదిని ఎరువుకని బండ్లతో తోలుకుపోవడం పాత అలవాటే, నాలుగు వేల ఏళ్ళు ఆలస్యంగా ఆ పెంట చేనికి చేరిందని సరదాగా అనుకోవచ్చు. కానీ ట్రాక్టర్లు, పొక్లెయిన్లు బండ్లలాంటివి కావు. రోడ్లు వెడల్పు చేసినప్పుడు కొన్ని దిబ్బల అంచులు పోయాయి. 2000ల మొదట్లో కుప్‌గల్లు కొండను కంకర కోసం పగలగొడుతుంటే బొమ్మలు చెక్కిన బండలు కూడా పోతున్నాయని బోయివిన్ రాస్తే విదేశీ పత్రికలు వేశాయి. మన ఇళ్ళలో ఎంతమందికి తెలిసింది?

1953 అక్టోబరులో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయి, బళ్ళారి మైసూరులో చేరినప్పుడు దిబ్బలు కూడా పంపకమయ్యాయి. పాలవాయి అటు, కుడతిని ఇటు, ఉట్నూరు ఇప్పుడు తెలంగాణలో. ఒకే రకం మనుషుల దొడ్లను ఇప్పుడు మూడు రాష్ట్రాల పురావస్తు శాఖలు చూడాలి. ఏ ఒక్కరి దగ్గరా కథ మొత్తం లేదు.

సెలవులకు బళ్ళారి వచ్చేవాళ్ళకు ఒక మాట. ఊళ్ళోనే ఫుట్ పేరు మీద సంగనకల్లు పురావస్తు మ్యూజియం ఉంది, కోరిశెట్టర్ గారి చలవ. ముందు అది చూసి, తరువాత కుప్‌గల్లు కొండకు పోండి. పొద్దున్నే ఎక్కాలి, కాస్త ఎండెక్కితే బండ కాలుతుంది. పైన నల్లరాతి వరసలో ఎద్దుల బొమ్మలుంటాయి, మూపురాలూ పొడుగు కొమ్ములూ స్పష్టంగా కనబడతాయి. వాటి దగ్గరే కొట్టి కొట్టి గుంటలు పడిన రాళ్ళున్నాయి. ఆ గుంటలో చిన్న గ్రానైటు రాయితో తడితే గంటలా ఖంగుమంటుంది. మెల్లగా తట్టండి, పిల్లలను గట్టిగా కొట్టనివ్వకండి.